ఢోలక్ మీద చెయ్యి, దస్తావేజులో పేరు



2020 అక్టోబరులో అమెరికాలో ఒక బూఢీ అమ్మ ఇంతెకాల్ అయ్యింది. ఉమర్ నూట ఏడేళ్లు. పేరు వయోలా స్మిత్. జాజ్ సంగీతంలో డ్రమ్స్ వాయించి, దాన్నే పేషాగా చేసుకుని బతికిన మొదటి తరం ఆడవాళ్లలో ఆమెది పెద్ద పేరు. మూడు నెలలు తిరిగేసరికి, 2021 జనవరి 25న, ఢిల్లీ నుంచి పద్మ పురస్కారాల ఫెహరిస్త్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ నుంచి పద్మశ్రీ పొందినవాళ్లలో ఒక పేరు నిడుమోలు సుమతి. వాద్యం మృదంగం.

ఇద్దరి గురించీ అఖ్బారుల్లో ఎక్కువగా కనపడిన మాట ఒకటే: ‘తొలి మహిళ’. నేనూ అఖ్బారువాణ్ణే. ఈ మాట ఎంత తేలిగ్గా హెడ్డింగులోకి ఎక్కుతుందో నాకు బాగా తెలుసు. ఎక్కిన తర్వాత ఇక తహకీకాత్ ఉండదు. తొలి అంటే ఎక్కడ తొలి? వాయించడంలోనా, వాయించినందుకు తన్ఖా తీసుకోవడంలోనా, పేరు రాయించుకోవడంలోనా? ఈ మూడూ వేర్వేరు సంగతులు. వీటిని విడదీసి చూస్తే మన ఇళ్లలోని ఆడవాళ్ల తారీఖు కూడా కొంత బయటికి వస్తుంది. అందుకే ఈ వ్యాసం.

మా ఊరి రాళ్లు

మాది ధరణికోట. అమరావతికి ఆనుకుని, కృష్ణ ఒడ్డున ఉంటుంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారాక పల్నాడు జిల్లాలోకి వచ్చాం, అంతకుముందు గుంటూరు జిల్లా. శాతవాహనుల జమానాలో దీని పేరు ధాన్యకటకం. పక్కనే ఉన్న బౌద్ధ మహాస్తూపానికి పలనాటి సున్నపురాయి చెక్కారు. 18వ సదీ చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని తన రాజధాని చేసుకున్నప్పుడు ఆ దిబ్బ తవ్వకంలో రాళ్లు బయటపడ్డాయి. కల్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆ రాళ్లు కొన్ని మద్రాసు ఎగ్మూరు మ్యూజియానికీ, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియానికీ చేరాయి. మా ఊరి తారీఖు చూడాలంటే మేం రైలెక్కాలి, లేకపోతే విమానం ఎక్కాలి.

మద్రాసులో ఆ రాళ్ల ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. రాజమందిరాల దృశ్యాల్లో, పూజ దృశ్యాల్లో ఆడవాళ్ల మేళాలు ఉన్నాయి. ఒకామె చేతిలో విల్లులా వంగిన వీణ, ఒకామె పెదాల దగ్గర పిల్లనగ్రోవి, ఇంకొకామె దగ్గర డోలు. నాట్యశాస్త్రంలో డోళ్లకు మూడు రకాలు చెబుతారు: ఒడిలో పెట్టుకునేది, నిలబెట్టి వాయించేది, గుండెకు హత్తుకుని వాయించేది. ఆ రాళ్లు చెక్కి దాదాపు పద్దెనిమిది వందల ఏళ్లు. అప్పటికే మా ఊరి శిల్పికి ఆడమనిషి డోలు వాయించడం వింతగా కనిపించలేదు. రోజూ చూసే నజారానే చెక్కాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అమరావతి శాసనాల్లో దానం ఇచ్చినవాళ్ల పేర్లు ఉన్నాయి. ఆడవాళ్ల పేర్లూ చాలా ఉన్నాయి: భిక్షుణులు, ఉపాసికలు, ఎవరి బీవీయో ఎవరి బేటీయో అని చెప్పుకున్న గృహిణులు. ఒక శాసనంలో చమ్మకార విధికుడి పేరు ఉంది. చమ్మకారుడంటే తోలు పని చేసేవాడు. పూర్ణఘటం చెక్కిన పలకను తన కుటుంబంతో కలిసి దానం ఇచ్చాడు. అంటే ఆ జమానాలో తోలు పని చేసేవాడు కూడా తన పేరు రాతి మీద ఇజ్జత్‌గా రాయించుకున్నాడు. డోలు పట్టుకున్న ఆమె బొమ్మ కింద మాత్రం పేరు లేదు. దానం ఇచ్చిన చేతికి పేరు దొరికింది, దరువు వేసిన చేతికి దొరకలేదు.

ఈ రెంటి మధ్య ఫర్ఖ్ మనసులో పెట్టుకోండి. ముందుకు వెళ్లేకొద్దీ ఇదే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

మన ఇళ్ల ఢోలక్

మన షాదీల్లో ఢోలక్ ఎవరు పట్టుకుంటారు? హల్దీ, సాంచక్, మెహందీ – ఏ రసమ్ అయినా ఆడవాళ్ల వైపు గదిలో ఢోలక్ ఆడవాళ్ల చేతిలోనే ఉంటుంది. దక్కన్లో దీనికి ‘ఢోలక్ కే గీత్’ అని పేరే ఉంది. సమ్‌ధన్‌ను ఆటపట్టించే పాటలు, దుల్హన్‌ను సాగనంపే పాటలు, నవ్వులు, సన్నటి ఏడుపులు అన్నీ ఆ ఢోలక్ మీదే నడుస్తాయి. ఇంకా వెనక్కి వెళ్తే బీజాపూర్ సూఫీల దక్కనీలో చక్కీనామా, చర్ఖానామా ఉన్నాయి. ఆడవాళ్లు తిరగలి తిప్పుతూ, రాట్నం వడుకుతూ పాడుకునే పాటలు. అక్కడ తాళం వేసింది తిరగలే. జనానాలో పాడేందుకు, వాయించేందుకు మిరాసన్‌లు ఉండేవాళ్లు. మొగలు చిత్రాల్లో జనానా సంబరాలు చూడండి, డఫ్ లేదా ఢోలక్ పట్టుకున్న ఆడవాళ్లు కనపడతారు.

మా ఖాందాన్లో ఒక ఫుప్ఫీ ఉండేది. ఢోలక్ తీసుకోగానే ముందు డోరీల్లో ఉన్న కడియాలను ఒక్కొక్కటే లాగి సుర్ సరిచేసేది. చెవి దగ్గర పెట్టుకుని వేలితో ఒక్కసారి కొట్టి, తల ఊపి, మళ్లీ లాగేది. పక్కన ఒకామె చెంచాతో ఢోలక్ చెక్క మీద టకటక కొడుతుంటే, ఫుప్ఫీ ఆ టకటకకు ఒకసారి ముందు, ఒకసారి వెనుక, ఒకసారి సరిగ్గా దాని మీద దెబ్బ వేసేది. పాట ఎప్పుడు తేజ్ అవ్వాలో, ఎప్పుడు ఆగాలో ఆమె చెయ్యే చెప్పేది. నేను తెలుగు డిగ్రీ చదివేటప్పుడు కర్ణాటక కచేరీలు విన్నాను. మృదంగం తని ఆవర్తనంలో ఆ లెక్కలు వింటూ ఉంటే ఎక్కడో విన్నట్టే ఉండేది. ఫుప్ఫీ దగ్గర విన్నాను.

ఆమె హునర్‌కు ఒక సర్‌హద్ ఉండేది. గది గడప. గడప లోపల వాయిస్తే అది ‘షౌఖ్’. గడప దాటితే ‘ఐబ్’. ఆమె కూడా ఆ గడపను ఎప్పుడూ సవాల్ చెయ్యలేదు. ఆమె వాయించిన పాట ఒక్కటి కూడా టేపులో లేదు. షాదీ ఆల్బమ్‌లలో ఆమె ఫోటోలు ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ చేతిలో ఢోలక్ లేదు. ఫోటో తీసేవాడు వచ్చేసరికి ఢోలక్ పక్కన పెట్టి దుపట్టా సర్దుకునేది.

అందుకే ‘తొలి మహిళా మృదంగ విద్వాంసురాలు’ అని చదివినప్పుడు నాకు ఖుషీతోపాటు ఒక సవాల్ కూడా పుడుతుంది. ఆ తొలి అడుగు ఎక్కడ పడింది?

చెల్లెలికి మిగిలిన డ్రమ్

వయోలా స్మిత్ అసలు పేరు వయోలా ష్మిట్జ్. 1912 నవంబరు 29న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, మౌంట్ కాల్వరీ అనే చిన్న ఊళ్లో పుట్టింది. పదిమంది పిల్లలు, అందులో ఎనిమిది మంది ఆడపిల్లలు. వాలిద్ కూతుళ్లందరితో ఒక ఆర్కెస్ట్రా కట్టాడు. అక్కలు తలా ఒక వాద్యం తీసుకున్నారు. వయోలా వంతు వచ్చేసరికి మిగిలింది డ్రమ్స్. అలా ఆమె చేతికి పుల్లలు వచ్చాయి. మన ఇళ్లలో అక్కల పాత సల్వార్లు చెల్లెళ్లకు వచ్చినట్టే.

1938లో ఒక అక్కతో కలిసి ‘కోకెట్స్’ అనే ఆడవాళ్ల బ్యాండు పెట్టింది. అది 1942 దాకా నడిచింది. అప్పటికి రెండో ప్రపంచ జంగ్ నడుస్తోంది. మగ వాద్యకారులు ఫౌజులోకి పోతున్నారు, పెద్ద పెద్ద బ్యాండ్లలో కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. 1942లో వయోలా ‘డౌన్ బీట్’ అనే సంగీత పత్రికలో ఒక వ్యాసం రాసింది. ఆ ఖాళీల్లో పేరున్న మగ బ్యాండ్లు ఆడవాళ్లను ఎందుకు తీసుకోకూడదు అని అడిగింది. ఆమె అడిగింది మెహర్బానీ కాదు, పని.

ఆ ఏడాదే ఫిల్ స్పిటాల్నీ నడిపే ‘అవర్ ఆఫ్ చార్మ్’ అనే ఆడవాళ్ల ఆర్కెస్ట్రాలో చేరింది. ఆ బృందం రేడియోలో చాలా మఖ్బూల్. తర్వాత న్యూయార్క్ జూలియార్డ్ సంగీత విద్యాలయంలో టింపనీ నేర్చుకుంది. 1949లో ప్రెసిడెంట్ హ్యారీ ట్రూమన్ ప్రమాణ స్వీకారం జల్సాలో వాయించింది. భుజాల ఎత్తులో రెండు పెద్ద డ్రమ్ములు పెట్టుకోవడం ఆమె నిషానీ. తర్వాత పదిహేడు డ్రమ్ములతో సోలో ప్రదర్శనలు ఇచ్చింది. 1966లో బ్రాడ్‌వేలో మొదలైన ‘క్యాబరే’ నాటకంలో వేదిక మీద కనపడే ఆడవాళ్ల బ్యాండులో కొన్నేళ్లు డ్రమ్స్ ఆమెవే.

ఇంత ఘనత ఉన్నా పోస్టర్ల మీద ఆమెను ఏమని రాసేవాళ్లు? ‘ఆడ జీన్ క్రూపా’ అని. జీన్ క్రూపా ఆ జమానాలో మశ్హూర్ మగ డ్రమ్మర్. ఆడమనిషి హునర్‌ను కొలవడానికి మగవాడి పేరే గజం. జంగ్ అయిపోయాక మగవాళ్లు వాపస్ వచ్చారు, ఆడవాళ్ల బ్యాండ్లు చాలావరకు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఖాళీ కుర్చీ ఇచ్చారు కానీ హక్ ఇవ్వలేదు. వయోలా నిలబడింది. నిలబడలేకపోయిన వాళ్ల పేర్లు మనకు తెలియవు.

పనస చెక్క, మూడు తోళ్లు

ఇప్పుడు మన వైపు వద్దాం. మృదంగం పనస చెక్కతో చేస్తారు. కుడివైపు మధ్యలో నల్లటి పూత ఉంటుంది, అది శాశ్వతం. ఎడమవైపు కచేరీకి ముందు రవ్వ తడిపి ముద్ద పెడతారు, కచేరీ అయ్యాక గీకేస్తారు. ఆ ముద్ద ఎంత ఉంటే శబ్దం అంత గంభీరం. ఆవు, గేదె, మేక తోళ్లతో ముఖాలు కడతారు, తోలు వార్లతో బిగిస్తారు. ఆ పని తరతరాలుగా ఎక్కువగా చేసింది దళిత కుటుంబాలు. టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే కితాబ్ రాసింది ఆ కారిగర్ల గురించే. వాద్యం కట్టినవాడికి సభలో కుర్చీ లేదు. వాయించగల ఆడదానికి వేదిక లేదు. మా ఊరి రాతి మీద చమ్మకారుడికి దొరికిన పేరు ఇరవయ్యో సదీ కచేరీ కరపత్రం మీద దొరకలేదు.

ఆడవాళ్లు మృదంగం ఎందుకు వాయించకూడదు అంటే ఒక దలీల్ చెప్పేవాళ్లు: చేతుల్లో బలం చాలదని. తిరగలి తిప్పింది ఎవరు, రోకలి పట్టింది ఎవరు, రుబ్బురోలు దగ్గర గంటలు గంటలు కూర్చుంది ఎవరు? బలం సంగతి కాదు ఇది. మృదంగం కచేరీలో తాళాన్ని కాపలా కాసే వాద్యం. పాడేవాళ్లు తప్పితే పట్టుకునేది, దారి మళ్లితే వెనక్కి తెచ్చేది అదే. ఆ ఇఖ్తియార్ ఆడదాని చేతిలో పెట్టడమే చాలామందికి మింగుడు పడలేదు.

పాల్ఘాట్ మణి అయ్యర్ మృదంగానికి బాద్‌షా లాంటివాడు. ఆయన చాలా ఏళ్లు పాడే ఆడవాళ్లకు పక్కన వాయించలేదు. చివరికి డి.కె. పట్టమ్మాళ్‌కు వాయించి ఆ రివాజ్ తనే విరిచాడు. గాయని పక్కన మగ మృదంగం కూర్చోవడానికే ఇంత కాలం పడితే, గాయకుడి పక్కన ఆడ మృదంగం కూర్చోవడానికి ఎంత పట్టాలి?

అయినా కూర్చున్నారు. పుదుక్కోట తిరుగోకర్ణానికి చెందిన రంగనాయకి అమ్మాళ్ (1910–1998) లయ విద్యలో ఉస్తాద్ అయిన పుదుక్కోట దక్షిణామూర్తి పిళ్లై దగ్గర నేర్చుకుని కచేరీలు చేసింది. మృదంగాన్ని పేషాగా తీసుకున్న తొలి స్త్రీగా తమిళనాట ఆమెను చెప్పుకుంటారు. ఘటం వాయించే సుకన్యా రామ్‌గోపాల్‌ది ఇంకో దాస్తాన్. ఘటం మట్టికుండ, ఆడపిల్ల వేళ్లకు అది కష్టమని విక్కు వినాయకరామ్ మొదట సందేహించాడు. ఆయన వాలిద్ హరిహర శర్మ తనే కూర్చుని ఆమెకు నేర్పాడు. పక్కన ఆడమనిషి ఘటం ఉంటే మేం వాయించం అన్న మృదంగ విద్వాంసులను ఆమె చూసింది. 1995లో ఆడవాళ్లతోనే ఒక లయ బృందం కట్టింది. ఉత్తరాదిలో తబలా సోలో వాయించిన తొలి మహిళగా పేరు పొందిన ఆబాన్ మిస్త్రీ (1940–2012) ముంబై పార్సీ. తబలా, పఖావజ్ ఘరానాల మీద పెద్ద తహకీకాత్ చేసి కితాబ్ కూడా రాసింది. ఘరానాల తారీఖును ఒక ఆడ తబలా కళాకారిణి రాయడం చిన్న సంగతి కాదు.

ఏలూరు నుంచి విజయవాడ

నిడుమోలు సుమతి గారు 1950లో ఏలూరులో పుట్టారు. వాలిద్ నిడుమోలు రాఘవయ్య గారు మృదంగ విద్వాంసులు. ఆమెకు మొదటి ఉస్తాద్ ఆయనే. మామూలుగా అలాంటి ఇళ్లలో కొడుకులకు మృదంగం, కూతుళ్లకు పాట లేదా వీణ. రాఘవయ్య గారు బిడ్డ చేతికి మృదంగం ఇచ్చారు. చిన్నప్పుడే ఆమె వేదిక ఎక్కారు. తర్వాత విజయవాడలో దండమూడి రామమోహనరావు గారి దగ్గర షాగిర్ద్‌గా చేరి రియాజ్ పెంచుకున్నారు. ఆ తర్వాత ఆయననే షాదీ చేసుకున్నారు. అందుకే లోకం ఆమెను రెండు పేర్లతో పిలుస్తుంది: నిడుమోలు సుమతి, దండమూడి సుమతి రామమోహనరావు. ఒకటి వాలిద్ ఇంటి పేరు, ఇంకొకటి షౌహర్ ఇంటి పేరు. పద్మశ్రీ ఫెహరిస్తులో పుట్టింటి పేరే వచ్చింది.

ఇద్దరూ ఒకే వేదిక మీద రెండు మృదంగాలతో కచేరీలు చేశారు. ఇది ఎంత అరుదో ఆలోచించండి. మియా బీవీ పక్కపక్కన కూర్చుని, ఒకరు ఒక లెక్క వేస్తే రెండోవాళ్లు దానికి జవాబ్ చెప్పాలి. లయ విద్యలో రియాయత్ ఉండదు. షౌహర్ కదా అని ఆయన తగ్గించి వాయిస్తే వినేవాడికి ఇట్టే తెలిసిపోతుంది. బీవీ కదా అని ఆమె వెనక్కి తగ్గినా తెలిసిపోతుంది. బరాబరీ అనే మాట మనం భాషణాల్లో చాలా వింటాం. అలాంటి వేదిక మీద అది చెవికి వినపడుతుంది.

ఇంకో సహారా ఆకాశవాణి. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. తెలుగు ఇళ్లకు శాస్త్రీయ సంగీతం ఎక్కువగా ఆ దారిలోనే వచ్చింది. సుమతి గారికీ ఆ కేంద్రంతో అనుబంధం ఉంది. రేడియో ఆడవాళ్లకు చేసిన మేలు ఒకటుంది. వినేవాడికి శకల్ కనపడదు. కూర్చున్నది ఆడో మగో, చీరో పంచో తెలియదు. చెవికి అందేది నాదం ఒక్కటే, తాళం తప్పిందా లేదా అన్నది ఒక్కటే. పైగా సర్కారీ కొలువులో గ్రేడు ఉంటుంది, మేహన్‌తానా ఉంటుంది, కాగితం మీద పేరు ఉంటుంది. గడప లోపలి షౌఖ్‌ను పేషాగా మార్చేది ఆ కాగితమే.

మన బిరాదరీలోనూ

‘అవన్నీ వాళ్లలో, మనలో ఎక్కడ?’ అని మీలో ఎవరైనా అంటారేమో. మన పల్నాడులోనే ఉంది జవాబ్. నాదస్వరం గుడి వాద్యం, అయినా మన వైపు దాన్ని తరాలుగా కాపాడినవాళ్లలో ముస్లిం కుటుంబాలు ముందున్నాయి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ (1924–1999) చిలకలూరిపేట ఉస్తాదుల దగ్గర నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన షాగిర్దులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ మియా బీవీలు. ఇద్దరికీ కలిపి 2020లో పద్మశ్రీ వచ్చింది. సుమతి గారికన్నా ఒక ఏడాది ముందు. కాలీషాబీ ముస్లిం ఇంటి బిడ్డ, ముస్లిం ఇంటి కోడలు. నాదస్వరం పట్టి షౌహర్ పక్కన సమానంగా కూర్చుని వేల మంది ముందు వాయించింది. నాదస్వరం ఊదాలంటే డోలు కన్నా ఎక్కువ దమ్ కావాలి. బలం దలీల్ అక్కడ కూడా నిలవలేదు.

ఇప్పుడు ఈ నామ్‌లన్నీ వరసలో పెట్టి చూడండి. వయోలాకు వాలిద్ ఆర్కెస్ట్రా. సుమతికి మృదంగం తెలిసిన వాలిద్, ఆ తర్వాత మృదంగం తెలిసిన షౌహర్. కాలీషాబీకి నాదస్వరం ఇల్లు, నాదస్వరం షౌహర్. సుకన్యకు ఉస్తాద్ గారి వాలిద్. అంటే ప్రతి చోటా తలుపు లోపలి నుంచి ఒక మగ పెద్ద గొళ్లెం తీశాడు. అతనికి అది తెలిసిన విద్య కాబట్టి భయం లేకుండా తీశాడు. ఇందులో వాళ్ల హునర్ తగ్గేదేమీ లేదు. నా ఫికర్ వేరు. ఇంట్లో ఉస్తాద్ లేని బిడ్డ సంగతేమిటి? చేతిలో లయ ఉంది, అబ్బాజాన్ మెకానిక్కో, టైలరో, మిర్చి యార్డులో హమాలీయో. ఆ బిడ్డకు గొళ్లెం తీసేది ఎవరు? బడిలో సంగీతం టీచరు, సర్కారీ సంగీత కళాశాల, రేడియో – ఇవి లేకపోతే ఆ బిడ్డ హునర్ మా ఫుప్ఫీ హునర్‌లాగే షాదీ గదిలో మొదలై షాదీ గదిలోనే ఖతం అవుతుంది.

మరి దీన్ ఏమంటుంది అని అడిగేవాళ్లు ఉంటారు. నేను ఆలిమ్‌ను కాను, ఫత్వా ఇచ్చే మర్తబా నాకు లేదు. సంగీతం మీద ఉలమాల మధ్య ఇఖ్తెలాఫ్ ఉందన్నది అందరికీ తెలిసిందే. సహీహ్ బుఖారీలో ఉన్న ఒక వాఖియా మాత్రం గుర్తు చేస్తాను. ఈద్ నాడు హజ్రత్ ఆయిషా (ర.అ) దగ్గర ఇద్దరు అమ్మాయిలు పాడుతున్నారు. హజ్రత్ అబూబకర్ (ర.అ) వచ్చి కోప్పడ్డారు. వాళ్లను వదిలెయ్యమని, ప్రతి ఖౌమ్‌కూ ఒక పండుగ ఉంటుందని, ఇది మన పండుగ అని రసూలుల్లాహ్ (స.అ.స) అన్నారు. షాదీలో అమ్మాయిలు డఫ్ వాయించిన జిక్ర్ కూడా హదీసుల్లో ఉంది. ఎవరి ఇల్మ్ ప్రకారం వాళ్లు నడవండి. ఒక్క అర్జీ ఏమిటంటే, కొడుకు బైక్ మీద స్పీకర్ పెట్టుకుని తిరిగినప్పుడు గుర్తుకు రాని మసాయిల్ కూతురు ఢోలక్ ముట్టగానే గుర్తుకు రావడం ఇన్సాఫ్ కాదు.

తొలి అనే మాట

ఉర్దూ చదివినవాళ్లకు ఈ ‘తొలి’ జగడా కొత్త కాదు. హైదరాబాదు మహ్‌లఖా బాయి చందా (1768–1824) దీవాన్ ఉన్న తొలి ఉర్దూ షాయిరా అని చాలాకాలం చదువుకున్నాం. 1798 నాటి దీవాన్ ఆమెది. తర్వాత అదే హైదరాబాదులో లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ దీవాన్ దానికన్నా కాస్త ముందుదని తహకీకాత్‌లో తేలింది. మహ్‌లఖా గొప్పతనం ఒక్క చుక్క తగ్గలేదు. మనకు ఇంకొక షాయిరా దొరికింది, అంతే. దొరికింది ఎందుకు? రాసింది కాబట్టి, రాసింది ఎవరో దాచారు కాబట్టి. ఆ కాగితం చెదలు తిని ఉంటే ఆమె కూడా లేనట్టే.

షాయరీకి కాగితం ఉంది. దరువుకు ఏముంది? వాయించిన మరు క్షణం గాల్లో కలిసిపోతుంది. అందుకే డోలు వాయించిన ఆడవాళ్ల తారీఖు అన్నిటికన్నా పల్చగా ఉంది. ధరణికోట రాయి మీద బొమ్మ ఉంది, పేరు లేదు. మన షాదీ గదుల్లో పేరు ఉంది, గవాహీ లేదు. రంగనాయకి, వయోలా, ఆబాన్, సుకన్య, సుమతి, కాలీషాబీ – వీళ్లు వాయించినవాళ్లలో మొదటివాళ్లని నేను అనుకోను. వాయించి, తమ పేరు దస్తావేజులోకి ఎక్కించిన తొలి వరసవాళ్లు. ‘తొలి’ అన్న మాటకు నాకు తోచిన సరైన అర్థం ఇది. ఈ అర్థంలో అది చాలా పెద్ద ఘనత. ఆ వరసలో మన పేర్లు కూడా చేరడానికి అడ్డం ఏమీ లేదు.

ఈ వ్యాసం చదివిన బెహనోం, భాయియోం, ఒక పని చెయ్యండి. మీ ఖాందాన్లో ఢోలక్ బాగా వాయించే ఆడవాళ్లు ఎవరో అడిగి తెలుసుకోండి. నానీమా ఉంటే నానీమాను, ఖాలా ఉంటే ఖాలాను కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చెయ్యండి. ఆమె పేరు, ఆమె అమ్మ పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుంది, ఏ ఏ పాటలు వచ్చు, ఏ పాటకు ఏ దరువు – ఇవన్నీ ఒక నోట్‌బుక్కులో రాయండి. తారీఖు వెయ్యడం మర్చిపోకండి. ఫోటో తీస్తే ఢోలక్ పక్కన పెట్టనివ్వకండి. ఇంట్లో బిడ్డ స్టీలు గిన్నె బోర్లించి దరువు వేస్తుంటే, చప్పుడు ఆపమనే ముందు ఒక్క నిమిషం చెవి పెట్టి వినండి. తాళం నిలుస్తోందా, నిలిస్తే దగ్గర్లో నేర్పేవాళ్లు ఎవరున్నారో కనుక్కోండి.

ఖుదా హాఫిజ్.